తొలి రాయి మీది జాజు

2018 వేసవి. నల్లగొండ జిల్లా దామరచర్ల దగ్గర సున్నపురాయి గనికి హద్దు తేల్చే పని మాది. పాత క్వారీ అంచున ఒక బోరు, అర కిలోమీటరు అవతల యాదమ్మ అనే రైతు రెండెకరాల చేలో ఇంకొకటి వేశాం. సిమెంటుకు పనికివచ్చే పొర ఆమె చేను కిందా ఉంటే, ఆ రెండెకరాలూ గనిలోకి పోతాయి.

బోరులోంచి కడ్డీలా తీసిన రాయిని కోర్ అంటాం. పొరలన్నీ ఒకే బూడిదరంగులో ఉంటే కంటితో పోల్చలేం. అందుకని మాగ్నెటిక్ ససెప్టిబిలిటీ, అంటే అయస్కాంత క్షేత్రానికి రాయి ఎంత స్పందిస్తుందో కొలుస్తాం. శుద్ధమైన సున్నపురాయిలో అది దాదాపు సున్నా. ఇనుము కలిసిన మట్టిపొరల్లో పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గుల వరుస రెండు బోర్లలో కలిస్తే పొరలు ఒకటే.

రెండింటిలోనూ గట్టిరాయి మొదలైన చోటే కొలత ఒక్కసారిగా పెరిగి, గ్రాఫులో పెద్ద శిఖరం కనిపించింది. రాతిమీద ఎర్రమరక కూడా ఉంది. పొర ఒకటేనని ముసాయిదా రాశాను. అయితే ఆ రెండు శిఖరాలను జత చేసి చూస్తే కింద వరుస ఎక్కడా కలవలేదు. సంతకం ఆపి, కోర్ పెట్టెలన్నీ మళ్లీ తెరిపించాను. తొలి ముక్కను బ్రష్షుతో రుద్దుతుంటే యాదమ్మ వచ్చింది.

"గదేంది సారూ, నేను పూసిన జాజు కడుగుతున్నవ్? గడపకు పూస్తం, భూమిలకెల్లి వచ్చిన తొలి రాయికి పూయొద్దా?"

డ్రిల్లర్ ఖాజా నసిగాడు. "క్వారీకాడ నేనే పూసిన సార్. పూయకుంటే రాయి తొలిచే బిట్టు ఇరుగుతదని మా ఉస్తాద్ అనేటోడు."

జాజు ఎర్రమట్టి, ఎరుపంతా ఇనుముదే. ఆ ఇనుము వల్లే రెండుచోట్లా పొర ఒకటేనని రాయబోయానని ఇద్దరికీ చెప్పాను.

జాజు ఎర్రమట్టి, ఎరుపంతా ఇనుముదే.

"అయితే నా చేను ఉంటదా సారూ?"

"ఇప్పుడే చెప్పలేనమ్మా. పొర ఉంటే ఉందనే రాస్తాను."

"గట్లనే రాయుండ్రి. అబద్ధం మీద నిలవెడితే, రేపు ఇంకొకడు మిషిన్ పట్టుకొని వస్తడు."

కడిగాక పై శిఖరాలు రెండూ మాయమయ్యాయి. క్వారీ బోరులో మంచి పొరకు అడుగున ఉన్న మూడు సన్నని శిఖరాలు, అదే ఎడంతో, ఆమె చేలో రాయి మొదట్లోనే కనిపించాయి. వాటి మీద ఉండాల్సిన మంచి పొర అక్కడ ఏనాడో అరిగిపోయిందన్నమాట. మూడుసార్లు కొలిచాను, రసాయన పరీక్షా అదే చెప్పింది. చేను హద్దు బయట ఉందని రాసి సంతకం చేశాను. ఆ వానాకాలం యాదమ్మ అక్కడ పత్తి పెట్టింది.

మరకను నేను చూశాను, పరికరం కొలిచింది. రెండూ తప్పు చెప్పలేదు. ఆ మరక ఎలా వచ్చిందని మాత్రం ఎవరినీ అడగలేదు. ఇప్పుడు ముందు డ్రిల్లర్‌ను కూర్చోబెట్టి, రాయి పైకి వచ్చాక దానికి ఎవరెవరు ఏమేం చేశారో చెప్పించుకుని రాసుకుంటాను. పరికరం ఆ తర్వాతే పెట్టెలోంచి బయటికి వస్తుంది.