డప్పుల కింద మామ గొంతు

మా వీధిలో చిన్నాపెద్దా అందరూ మామ అని పిలిచే మనిషి మొన్న కార్తీకంలో పోయాడు. ఆ పొద్దున మాదన్నపేట మార్కెట్లో, నేను లెక్కలు రాసే కమీషన్ దుకాణంలో ఉన్నాను. దిగిన టమాటా పెట్టెలు రాసుకుంటుంటే ఆయన మేనల్లుడు ఫోన్ చేశాడు. “మునీం సాబ్, మామ లేస్తలేడు” అన్నాడు. తర్వాత “బర్రెలు అరుస్తున్నయ్. పాలు పిండాలె గదా” అన్నాడు. ఆ మాటతో నాకు అర్థమైంది. పెన్ను మూత పెట్టి ఉప్పుగూడకు ఆటో ఎక్కాను.

లెక్కల గుమాస్తా అనే అర్థంలో మునీం అని నాకు పేరు పెట్టింది మామే. నేను పెద్దగా చదువుకోలేదు. లెక్కలు దుకాణంలోనే నేర్చుకున్నాను, కంప్యూటర్ ఇంట్లో నేర్చుకున్నాను. ఒక పాత కంప్యూటర్ కొనుక్కుని, వీధిలోవాళ్ల పెళ్లి క్యాసెట్లు డీవీడీలుగా మార్చి ఇచ్చేవాణ్ని. మామ గుమ్మం ముందు పాలు పోస్తూ “ఏం మునీం సాబ్, ఇయ్యాల ఎవరి పెండ్లి చేస్తున్నవ్?” అని అడిగేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ని. నాకు మాటలు తక్కువ. మామకు అందుకే నేనంటే ఇష్టమేమో.

మామను మంచివాడు అని మాత్రమే రాస్తే ఆయనే ఒప్పుకోడు. ఆయన చేయి చాలామంది మీద పడింది. ఒకసారి నీళ్ల ట్యాంకర్ దూడకు తగిలి దాని కాలు విరిగింది. మామ డ్రైవరును కాలర్ పట్టి కిందికి లాగి, ట్యాంకరు తలుపుకు తల కొట్టాడు. నుదురు పగిలి రక్తం ముఖమంతా కారింది. ఆపబోయిన క్లీనరు ముక్కు కూడా పగిలింది. తర్వాత ఆ ఇద్దరినీ తనే ఆటోలో ఎక్కించుకుని దవాఖానకు తీసుకెళ్లాడు, దారి పొడవునా వాళ్లను తిడుతూనే. అదే మనిషి బర్రె మీద చిన్న కట్టె కూడా ఎత్తేవాడు కాదు. “అది పాలిస్తది. నువ్వేమిస్తున్నవ్?” అనేవాడు అడిగినవాళ్లతో.

ఆయన బోనాల్లో పోతరాజు. మా వీధి ఊరేగింపు ముందు ఒళ్లంతా పసుపు, నడుముకు వేపమండలు, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, చేతిలో జనపతాడుతో పేనిన కొరడా పట్టి ఆడేవాడు. పోతరాజు అమ్మవారి తమ్ముడని మా నమ్మకం. ఆయన ముందు నిలబడి రెండు చేతులూ చాపి కొరడా దెబ్బ తింటే పీడ పోతుందంటారు. మా దగ్గర మొగపిల్లలు వెనక్కి తగ్గరు. శత్రువైనా సరే, చొక్కా విప్పి, చేతులు చాపి పోతరాజు ముందుకు వస్తాడు. రాకపోతే ఏడాదంతా వీధిలో ఎగతాళి. మామ కొరడా పిడుగులా మోగేది. చేతి మీద మాత్రం గీత కూడా పడేది కాదు. “దెబ్బ గాలికి గొట్టాలె, చప్పుడు మనిషికి వినపడాలె” అనేవాడు.

మోకాళ్లు అరిగిపోయాక, ఈ ఏడాది కొరడా మేనల్లుడికి ఇవ్వాలని పెద్దలు నిర్ణయించారు. మేనల్లుడు మామ చెల్లెలి కొడుకు, ఆటో నడుపుతాడు. వాడికి నాలుగేళ్లప్పుడు తండ్రి ఇల్లు వదిలిపోయాడు. తర్వాత ఎక్కడో చనిపోయాడని కబురొచ్చింది. అప్పటినుంచి తల్లీకొడుకులు మామ ఇంట్లోనే ఉన్నారు. చేయి చేసుకునే అలవాటు మామదే, కోపం అంతకు రెట్టింపు.

ఎండాకాలంలో ఆటో అడ్డా దగ్గర సవారీ విషయంలో ఒకడితో వాడికి లొల్లి అయింది. అవతలివాడు వీడి ఆటో అద్దం రాడ్డుతో పగలగొట్టి, ఆడవాళ్ల ముందు చెంప మీద కొట్టాడు. అందరూ పట్టుకుని విడిపించారు. మేనల్లుడు ఇంటికొచ్చి మామ ముందే అన్నాడు. “బోనాలకు వస్తడు గదా. చేతులు చాపుతడు గదా. కన్ను తీస్త మామా. ఎవడేమంటడు? అమ్మ పూనిందంటరు. మా బాపుకు అయినట్టే.”

మా వీధిలో ఆ కథ అందరికీ తెలుసు. వాడి తండ్రి పెళ్లాన్ని కొట్టేవాడు. ఒక ఏడాది ఊరేగింపులో అమ్మవారు మామను పూని, వాడి తండ్రిని కొరడాతో శిక్షించిందని చెప్పుకునేవాళ్లు. ఆ రాత్రే ఆ మనిషి వెళ్లిపోయాడు. మేనల్లుడు ఈ కథ వింటూ పెరిగాడు.

మర్నాడు మామ ఒక క్యాసెట్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వాడి తండ్రి వెళ్లిపోయిన ఏడాది ఊరేగింపు వీడియో.

“దీన్ని డీవీడీ చెయ్యి. మీద నా మాట రావాలె. చెయ్యి ఎట్ల తిప్పాల్నో వానికి చెప్త.”

“ఫోన్ల తీసి పంపిద్దాం మామా, అల్కగైతది.”

“ఫోన్ల వెడితే పొద్దుగాలకల్ల బస్తీ మొత్తం వింటది. ఇది వాడొక్కడే వినాలె.”

డీవీడీలో బొమ్మ ఒకటే అయినా శబ్దం రెండు వరసలు పెట్టవచ్చని చెప్పాను. మామూలుగా పెడితే డప్పులు వినిపిస్తాయి. రిమోట్ మీద ఆడియో బటన్ నొక్కితే డప్పులు పోయి మామ మాట వస్తుంది.

“అంటే ఒకటే గిలాసల పాలు, చాయ్ కలిపి పోసినట్టా?”

“కాదు మామా. రెండు గిలాసలు. ఏది కావాల్నంటే అది తాగుడే.”

“మస్తుంది. సుట్టాలకు డప్పులు తాగిపిద్దాం” అన్నాడు.

మొదటిరోజు నా తెలివితక్కువతనం వల్ల పని చెడింది. వీడియో ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుందని మామ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, డప్పుల చప్పుడు వినిపిస్తూ మైకు ముందు కూర్చోబెట్టాను. మాట్లాడటం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆయన పిక్కలు వణికాయి. తర్వాత భుజాలు. నేను తెర చూస్తూ గమనించలేదు. ఒక్కసారి కేకపెట్టి లేచాడు. వైరు తెగింది, మైకు గోడకు తగిలింది, కుర్చీ విరిగింది. ఆయన పళ్లు పటపట కొరుకుతుంటే మా ఆవిడ పూనకం దించడానికి వంటింట్లోంచి నిమ్మకాయ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. చల్లబడ్డాక మామ చెమట తుడుచుకుంటూ మా ఆవిడతో చెప్పి నన్నే తిట్టాడు.

“పోతరాజు చెవుల డప్పు వెడ్తరా ఎవరన్న? అక్క, ఈ మునీంకు లెక్కలు దప్ప ఏం తెల్వదు.”

అందుకని తర్వాత శబ్దం పూర్తిగా తీసేసి, ఉత్త బొమ్మ చూపిస్తూ మాట రికార్డు చేశాను. డప్పులు లేకుండా ఆ ఊరేగింపు వేరేలా ఉంది. నోళ్లు తెరిచి అరుస్తున్న మనుషులు, గాల్లో తిరుగుతున్న తాడు. మామ మెల్లగా చెప్పుకుంటూ పోయాడు. “మణికట్టు చూడు. భుజంతోని కొట్టొద్దు. తాడు కొస మనిషి దాక పోకముందే ఎనకకు గుంజాలె. గీడ చూడు, గుంజిన.” చాలాసేపు ఇదే. ఉన్నట్టుండి ఆగాడు. తెర మీద తెల్ల చొక్కా మనిషి జనంలోంచి ముందుకొచ్చాడు.

“గిప్పుడు వచ్చేటోడు మీ బాపు” అన్నాడు మామ.

నేను ఆపబోయాను. చేత్తో వద్దన్నాడు.

“చేతులు చాపిండు. నవ్వుతుండు. నేను బావమర్దిని గదా, మెల్లగ కొడ్తననుకున్నడు. ఆ పొద్దుగాలనే మా చెల్లె పగిలిన దవడతోని నా ఇంటికొచ్చింది. గిప్పుడు నా మణికట్టు చూడకు. నా మూతి చూడు. వాని పేరు వెట్టి తిడ్తున్న. మొదటి దెబ్బకు చెవి తెగింది. రెండోది మెడ మీద. కింద పడ్డంక ఇంకా కొట్టిన, చూడు. జనం నిమ్మకాయలు కోస్తున్రు, నీళ్లు వోస్తున్రు. అమ్మ అనుకుంటున్రు. ఆడ అమ్మ లేదు అల్లుడా. నేనే ఉన్న. నాకు అంతా ఎరుకే. వాన్ని ఆపాలంటే ఇంట్ల ఆపాలె. చేతులు చాపి దండం వెట్టినోన్ని కొట్టిన.”

కెమెరా పట్టినవాడు కూడా ఊగుతున్నట్టున్నాడు, బొమ్మ అదురుతోంది. కాళ్ల సందుల్లోంచి నేల మీద తెల్ల చొక్కా కనిపించింది. అప్పటికి తెలుపు కొంచెమే మిగిలింది.

“ఇది ఉంచాల్నా మామా?” అని అడిగాను. “వాడు నీతోని ఇంక మాట్లాడడేమో.”

“మాట్లాడకుంటే మాట్లాడకపోనీ. కొట్టకుంటే సాలు” అన్నాడు.

ఒక మధ్యాహ్నం మామ ఇంట్లోనే వాడికి చూపించాం. నేను రిమోట్ నొక్కి చూపి పక్కకు నిలబడ్డాను. వాడి తల్లి కింద కూర్చుని బియ్యం ఏరుతోంది. మొదట వాడు నవ్వాడు. “టీవీల హీరో లెక్కున్నవ్ మామా” అన్నాడు. తెల్ల చొక్కా వచ్చాక నవ్వు ఆగింది. మాట పూర్తికాకముందే రిమోట్ విసిరాడు. టీవీ మూల పగిలింది. లేచి మామను చొక్కా పట్టి గోడకు కొట్టాడు.

“నా బాపును నువ్వు ఎల్లగొట్టినవా? గిన్నేండ్లు అమ్మ, అమ్మ అని నాతోని దండం వెట్టిపిచ్చినవ్!”

మామ చేతులు ఎత్తలేదు. “కొట్టు. కొరడా లేకుంట కొట్టు. గప్పుడు కోపం నీ పేరు మీదనే ఉంటది” అన్నాడు.

వాడు కొట్టాడు. పిడికిలి సరిగ్గా మూతి మీద పడింది. మామ పన్ను ఒకటి బియ్యం చాటలో పడింది, దాని చుట్టూ గింజలు ఎర్రబడ్డాయి. మళ్లీ చెయ్యి ఎత్తాడు. అప్పుడు వాడి తల్లి లేచి మధ్యకు వచ్చింది.

“నాకెప్పుడో ఎరుకరా. బోనం ఎత్తుకొని పక్కనే ఉన్న. అమ్మ పూనినోడు పేరు వెట్టి తిడ్తడా?”

“ఎరుకైతే నాకెందుకు చెప్పలె?”

“ఇంట్ల కొట్టేటోడు పోయిండని సంబరపడ్డ. ఇంకొకడు తయారైతడని అనుకోలె” అంది.

వాడు ఆటో తీసుకుని వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఆ డీవీడీ తీసుకెళ్లాడు.

మామ ఉబ్బిన పెదవితోనే సాయంత్రం పాలు పోశాడు. ఏమైందని అడిగినవాళ్లతో “బర్రె తన్నింది” అన్నాడు. ఏ బర్రె మామా అంటే “పెద్దది. నేనే పెంచిన” అన్నాడు.

ఆషాఢం దాకా వాడు మామతో మాట్లాడలేదు. అయితే రోజూ వేకువన వచ్చి పాలు పిండాడు, మేత వేశాడు. తల్లి వడ్డిస్తే తిన్నాడు. కొరడా వద్దని మాత్రం చెప్పలేదు. అదే మామ ఫికరు. “వింటున్నడో లేదో ఎరుకలేదు మునీం. విన్నోడు కొరడా నేను వట్టనన్నా అనాలె, పడ్తనన్నా అనాలె” అన్నాడు నాతో. పెద్దలతో చెప్పి వాణ్ని ఆపించమన్నాను. “ఆపితే బజార్ల కత్తి తీసుకుంటడు” అన్నాడు.

బోనాల నాడు మామే వాడికి పసుపు పూశాడు. పిల్లవాడికి నలుగు పెట్టినట్టు మెడ వెనక, చెవుల వెనక కూడా పూశాడు. వంగలేక కింద కూర్చుని గజ్జెలు కట్టాడు. వాడు కళ్లు దించుకుని కట్టించుకున్నాడు. ఊరేగింపు కదిలాక మామ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు, నేను పక్కన నిలబడ్డాను. మేనల్లుడి ఆట చూస్తే మామ వయసు తగ్గి వచ్చినట్టుంది. గజ్జెలకు నేల అదిరింది. ఒకడి వెనక ఒకడు వచ్చి చేతులు చాపారు. కొరడా మోగింది, వాళ్లు దండం పెట్టి తప్పుకున్నారు.

అప్పుడు అడ్డా దగ్గర వాణ్ని కొట్టినవాడు వచ్చాడు. చొక్కా విప్పి స్నేహితుడి చేతికిచ్చాడు. జనానికి సంగతి తెలుసు. ఈలలు వేశారు. డప్పులవాళ్లకూ తెలుసు, దరువు పెంచారు. “గొట్టు, గొట్టు” అని ఎవరో అరిచారు. ఆ మనిషి మేనల్లుడి ఎదుట నిలబడి, పళ్లు బిగించి, కళ్లు గట్టిగా మూసుకుని రెండు చేతులూ చాపాడు. మేనల్లుడు వాడి ముఖంకేసి చాలాసేపు చూశాడు. కొరడా తల మీదుగా ఒక చుట్టు తిరిగింది. మరో చుట్టు తిరిగింది. మామ కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. పట్టుకోబోయిన నా చెయ్యి తోసేశాడు.

కొరడా మోగింది. అంత చప్పుడు మామ హయాంలో కూడా నేను వినలేదు. తాడు కొస ఆ మనిషి మణికట్ల దాకా వచ్చి, గాల్లోనే వెనక్కి మళ్లింది.

మేనల్లుడు పక్కకు తిరిగి తర్వాతి మనిషి దగ్గరకు వెళ్లిపోయాడు. అవతలివాడు మాత్రం కదల్లేదు. దెబ్బ ఇంకా పడలేదనుకున్నాడు. “అయిపోయింది బిడ్డా, కండ్లు తెరువ్” అని మామ గేటు దగ్గరనుంచి గొంతు చించుకుని అరిచాడు. డప్పుల్లో ఆ మాట వాడికి చేరలేదు. ఊరేగింపు వాణ్ని దాటి ముందుకు సాగిపోతున్నా, వాడు వీధి మధ్యలో కళ్లు మూసుకుని, దెబ్బ తగలని చేతులు రెండూ చాపుకుని అలాగే నిలబడి ఉన్నాడు.