కొత్త బ్రేకులకు పూజ

మెదక్‌లో కార్లు బాగుచేసేవాళ్లకు తెలిసిన వైద్యం ఒక్కటే. బానెట్ ఎత్తడం, లోపలికి తొంగి చూసి పెదవి విరవడం. జబ్బు చక్రాల దగ్గరుందని నెత్తీనోరూ కొట్టుకున్నా ముందు బానెట్ ఎత్తాల్సిందే. నేనేమో హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ని. వాళ్ల ముందు నోరు మూసుకుని నిలబడటం నా వల్ల అయ్యే పని కాదు.

సరదా పుట్టి నేను సస్పెన్షన్ మార్పించలేదు. మా ఆవిడ వెన్నుకు ఆపరేషన్ అయింది. నెలకోసారి హైదరాబాద్‌లో డాక్టరుకు చూపించాలి. మా పాత కారు చిన్న గుంత దిగినా మనిషిని ఎత్తి కుదేసేది. నర్సాపూర్ అడవి దాటేసరికి ఆమె పళ్లు బిగబట్టి, రెండు చేతుల మీద బరువు వేసి కూర్చునేది. గట్టి కుదుపు తగిలితే మళ్లీ కోయాల్సి రావచ్చని డాక్టరు ముందే చెప్పాడు. ఆ మాట గుర్తొస్తే ఆమెకూ భయమే, నాకూ భయమే.

మొదట బస్టాండు వైపు గ్యారేజీకి వెళ్లాను. బయట నిలువెత్తు బోర్డు, లోపల ఒక సోఫా, సోఫా మీద పడుకున్న ఓనరు. ఆయన లేచొచ్చి బానెట్ ఎత్తి చూసి, దించి దాని మీదే కూర్చుని రెండుసార్లు ఊగాడు. పరీక్ష అయిపోయింది.

"షాకబ్జర్లు మంచిగనే ఉన్నయ్ సార్. రోడ్డే ఖరాబున్నది."

"అయితే రోడ్డు మార్చే సామాను ఉందా మీ దగ్గర?" అన్నాను. ఆ మహానుభావుడికి అది వెటకారమని కూడా తెలియలేదు. స్ప్రింగుల మధ్య రబ్బరు ముక్కలు ఇరికించి పంపాడు. ఆ రబ్బర్లతో కారు ఇంకా బిర్రబిగుసుకుని, ఎద్దుబండే నయమనిపించింది. ఇంకో గ్యారేజీవాడు కారు కింద దూరి అరగంట ఫోన్లో మాట్లాడి, బయటికొచ్చి స్టీరింగ్ మార్చాలన్నాడు. వాణ్ని అనాల్సినవన్నీ అని వచ్చేశాను.

చివరికి చర్చి వైపు వెళ్లే రోడ్డులో ఒక రేకుల షెడ్డు దొరికింది. బోర్డు లేదు. అరవై దాటిన మిస్త్రీ ఒక్కడే. ఈయన బానెట్ జోలికి పోలేదు. నాలుగు చక్రాలూ విప్పి, ఊడదీసిన ప్రతి ముక్కనూ గోనెసంచి మీద వరసగా పేర్చాడు. కొత్త షాకబ్జర్లు, స్ప్రింగులు వేయాలన్నాడు. అడవి దారిలో కోతులు అడ్డం వస్తుంటాయి కాబట్టి బ్రేకులకు కూడా పెద్ద డిస్కులు, కొత్త ప్యాడ్లు వేద్దామన్నాడు. పని తెలిసినవాడేనని అప్పుడే తెలిసిపోయింది. అయినా నేనూరుకుంటానా? మూడు రోజులు బడి వదలగానే వెళ్లి, పక్కన నిలబడి బలమంటే ఏమిటో, ఘర్షణంటే ఏమిటో ఆయనకు పాఠం చెప్పాను. ఆయన "అట్లనా సార్" అంటూ నట్లు బిగించుకున్నాడు.

తాళాలిస్తూ, "కొత్త ప్యాడ్లు సార్. మొదాల్ జర మెల్లగ నడుపుండ్రి. డిస్కుల దిక్కు చెయ్యి పెట్టకుండ్రి" అన్నాడు.

"నాకు చెప్పేంతటోడివయ్యావా?" అన్నాను.

మా దగ్గర బండికి కొత్త సామాను పడితే ఏడుపాయల అమ్మవారి గుడిలో పూజ చేయించకుండా దూరప్రయాణం పెట్టుకోరు. ఆదివారం పొద్దున ఇద్దరం బయలుదేరాం. దారిలో ఎన్ని గుంతలొచ్చినా ఆమె ముఖం చిట్లించలేదు. "మంచిగున్నది" అంది. ఆ స్ప్రింగులు నేనే తయారుచేసినంత సంబరపడ్డాను.

గుడి దగ్గర వరస కదిలి మా వంతు వచ్చేసరికి గంట దాటింది. పూజారి బానెట్‌కు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు.

"కొత్తగా వేసింది బ్రేకులు పంతులుగారూ, బానెట్ కాదు" అన్నాను అందరికీ వినబడేలా. ఆయన పసుపు పళ్లెం నాకే ఇచ్చేసి పక్క బండి దగ్గరికి వెళ్లిపోయాడు. నీళ్లతో కలిపితే పసుపు ఎండి రాలిపోతుందని, దీపాల కోసం తెచ్చిన నూనెతో కలిపాను. చక్రాల సందుల్లోంచి వేళ్లు పోనిచ్చి, మెరిసిపోతున్న డిస్కులకు దట్టంగా పట్టించాను. మా ఆవిడ కొబ్బరిచిప్పలు పట్టుకుని చూస్తూ నిలబడింది.

తిరుగుదారిలో ఒక ఊరి దగ్గర సగం రోడ్డు నిండా వడ్లు ఆరబోశారు. వాటిని కాళ్లతో తిరగేస్తున్న ఒకామె ఉన్నట్టుండి అడ్డం వచ్చింది. గుడి దాటాక మొదటిసారి బ్రేకు గట్టిగా తొక్కాను. పెడలు గట్టిగానే ఉంది, కారు మాత్రం ఆగలేదు. ఒక పక్కకు లాగుతూ పోతోంది. ఆమె దూకి తప్పుకుంది. కారు వడ్ల కుప్పలోకి దూసుకెళ్లి ఆగింది.

"కండ్లు నెత్తికెక్కినయా? బ్రేకుల్లేవా నీ బండికి?" అని ఆమె శాపనార్థాలు మొదలుపెట్టింది.

నేను పక్కకు చూశాను. మా ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. "నొప్పా?" అన్నాను. "లేదు" అని, నెమ్మదిగా దిగి కల్వర్టు గోడ మీద కూర్చుంది.

అప్పుడు మొదలైంది నా వీరంగం. మిస్త్రీకి ఫోన్ చేసి, రేకుల షెడ్డోళ్ల చేతికి బండివ్వడం నాదే బుద్ధితక్కువన్నాను. నా భార్యను చంపబోయావన్నాను. ఆయన వెంటనే మోటారుసైకిలు మీద వచ్చాడు. చక్రంలోకి వేలు పోనిచ్చి డిస్కును తుడిచి, పచ్చగా అంటిన వేలును వాసన చూశాడు.

"నూనె ఎవలు పెట్టిండ్రు సార్?"

వడ్లు తిరగేస్తున్నామె పకపకా నవ్వింది. మిస్త్రీ నవ్వలేదు. "ప్యాడ్లు నూనె తాగినయ్, మార్చాలె. నేను మెల్లగ షెడ్డుకు తీస్కపోత. అమ్మను ఆటోల తీస్కపోండ్రి" అన్నాడు. ఒక్క మాట దెప్పితే బాగుండేది.

ఆటో కోసం చూస్తూ కల్వర్టు మీద ఆమె పక్కన కూర్చున్నాను.

"నువ్వు నూనె కలుపుతుంటే చూసిన" అంది. "బ్రేకులకు నూనె పెడ్తరా అని నోటిదాక వచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఏమంటవో తెల్వదా? నలుగుర్ల నీతోని గా మాటలు పడేకంటే, నడుం పోతే పోనీ అనుకున్న."