జలగ కాటు సాక్ష్యం

వానాకాలం అనంతగిరి కాఫీ తోటల్లో దిగేవాళ్లందరూ జలగలకు భయపడి కాళ్లకు ఉప్పు రాసుకుంటారు. ఫల్గుణ ఒక్కడే ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, వట్టి కాళ్లతో దిగుతాడు. కొండ మనిషికి మందుల మీద నమ్మకం ఉండదనే మాట ఇతని దగ్గర చెల్లదు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేసినప్పటి నుంచి ఈ రెండేళ్లలో ఆస్పిరిన్ ఒక్కపూట మానలేదు. నెత్తురు గడ్డకట్టకుండా ఉండటానికని చెప్పారు కదా, ఆ పని జరుగుతోందో లేదో జలగ కాటే చెబుతుందని అతని నమ్మకం. కరిచిన చోట గంటసేపు కారితే తుడుచుకోడు. భార్య నీలవేణిని పిలిచి చూపించి మురిసిపోతాడు.

మొన్న విశాఖలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, కిడ్నీలు దెబ్బతిన్నాయనీ, అలాంటివాళ్లలో కొందరికి ఆస్పిరిన్ సరిగా పనిచెయ్యదనీ, ఇతనికీ చెయ్యడం లేదనీ చెప్పింది. ఫల్గుణ కాలెత్తి మచ్చలు చూపించాడు.

"పనిసెయ్యకపోతే ఇంత నెత్తురు ఎలాగ కారతాదమ్మా?"

"జలగ కరిస్తే నాకూ కారుతుంది. గడ్డకట్టనివ్వని రసం దాని నోట్లోనే ఉంటుంది."

పక్కనే ఉన్న నీలవేణి పకపకా నవ్వింది. "రెండేళ్లు జలగల్ని మేపినావు కదయ్యా!"

అతను నవ్వలేదు. "గుండె మందుకి కిడ్నీతో ఏటి పని? మరి మానీనా?"

"మానొద్దు. ఇంకో మందు కలుపుతాను."

"అది పని సేత్తందో లేదో నాకెలాగ తెలుస్తాది?"

"మీకు తెలీదు. రక్తపరీక్షలోనే తెలుస్తుంది."

తిరుగు దారిలో జీపు ఘాట్ ఎక్కుతున్నంతసేపూ అతను మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి కూర్చున్నాడు.

"ఏటి సూత్తన్నావు?" అంది నీలవేణి.

"నాకూ తెల్దే," అన్నాడు, వేళ్లు తియ్యకుండానే.