అడుగుకాయ సారు నమ్మిన రోజు

ఆ రోజుల్లో నేనెంత అమాయకురాలినంటే, లెక్క తప్పితేనే మనిషికి కష్టాలొస్తాయనీ, సరిపోతే అందరూ భుజం తడతారనీ అనుకునేదాన్ని. తిరుపతిలో ఎం.టెక్ చదువుతున్న కాలం. లేత్ మిషన్‌కి ఇనుప కడ్డీ బిగించి టూల్‌తో చెక్కుతుంటే ఎంత బలం పడుతుందో, ఊడొచ్చే ఇనుప చుట్ట ఎంత మందం ఉంటుందో, నిజంగా కోయకముందే కంప్యూటర్లో కోసి చెప్పడం నా పని. మా నాయన ఇది విని, "కంప్యూటర్లో కోస్తే ఇనుము తెగతాదా మ్మా?" అని అడిగాడు. తెగదన్నాను. "మరి రెండేండ్లు ఏం కోస్తాండావు?" అన్నాడు.

మా గైడ్‌ని చాటుగా అందరం అడుగుకాయ సారు అనేవాళ్లం. ఆయనది చిత్తూరు, వాళ్ల నాయనకు అక్కడ మామిడి మండీ ఉండేది. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ మండీలోనే గడిపి ఆయన నేర్చుకున్నది ఒక్కటే. గంపలో పైన కనిపించే కాయలన్నీ ఒకే సైజులో, ఒకే రంగులో ముచ్చటగా ఉన్నాయంటే, వెంటనే చెయ్యి గంప అడుగుదాకా పోనిచ్చి అక్కడి కాయ తీసి చూడాలి. పెద్దయ్యాక గంపలు పోయాయి గానీ ఆ చెయ్యి మాత్రం ఆగలేదు. జ్వరమని సెలవడిగిన కుర్రాడి నుదురు తనే ముట్టుకుని చూసేవారు. క్యాంటీన్ వడ పైకి ఎర్రగా ఉంటే మధ్యకు తుంచి చూసేవారు. ఎవరైనా మరీ నవ్వుతూ నమస్కారం పెడితే "ఏం కావాలప్పా?" అనేవారు.

ఏడాదిపాటు నా కంప్యూటర్ గీసిన గీత ఒక దారిన, లేత్ మీద బలం కొలిచే మీటరు అంకెలకు పెట్టిన చుక్కలు ఇంకో దారిన పోయాయి. చిత్రమేమిటంటే ఆ ఏడాదంతా సారు నన్ను కూతురిలా చూసుకున్నారు. "నిజాయితీగా తప్పుతాండావు మ్మా, బాగుండాది" అనేవారు. నాకేమో లోపల గుబులు. రేణిగుంట రోడ్డులో ఒక విడిభాగాల ఫ్యాక్టరీ వాళ్లు ఉద్యోగమిస్తామన్నారు, కానీ నెలాఖరులోగా థీసిస్ మీద గైడ్ సంతకం ఉండాలన్నారు, లేకపోతే ఇంకొకరిని పిలుచుకుంటామన్నారు. మా ఇంట్లో ఆడపిల్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా అడుగుపెట్టడం అదే మొదలు. ఆ ఉద్యోగం నాకు కావాలి. అన్నం తింటున్నా అదే ఆలోచన.

చివరికి ఒక రోజు లేత్ టూల్‌ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. కంప్యూటర్లో నేను దాని అంచుని బ్లేడులా పదునుగా గీశాను. నిజం టూల్ అంచేమో వాడిన సబ్బు మూలలా కాస్త గుండ్రంగా ఉంది. అలాగే మార్చి గీసి మళ్లీ లెక్కకు పెట్టాను. (మా కంప్యూటర్ ఆ లెక్క తేల్చేలోపు అలిపిరి దాకా నడిచిపోయి తిరిగి రావచ్చు.) వచ్చిన గీత, నా చుక్కలన్నిటి మీదుగా దండలో దారంలా పోయింది. నేను పెట్టిన కేకకు, లేత్ నడిపే అన్న పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చి "ఏమైంది పాపా, వేలు తెగిందా?" అన్నాడు.

ఆ కాగితం పట్టుకుని సారు గదికి పోయాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు, కాగితం తిరగేసి వెనక వైపు కూడా చూశారు.

"అన్నీ కలిసినాయా?"

"కలిసినాయి సార్."

"ఒగటీ తప్పలేదా?"

"లేదు సార్."

"చుక్కలు సూసి గీత గీసినావా, గీత గీసి చుక్కలు పెట్టినావా?"

నాకు ఏడుపొచ్చింది. టూల్ అంచు సంగతి చెప్పాను, ఫొటో చూపించాను. "అదంతా పైకాయలు మ్మా. అడుగున ఏముండాదో సూపీ" అన్నారు.

ఇక ఆ వారం ల్యాబులో అనుమానం జ్వరంలా పాకింది. "ఈ పాప చెప్పిన నంబర్లే రాసినావా?" అని సారు అన్నని పిలిచి అడిగారు. నేనే ఏదో చాడీ చెప్పానని అన్నకు అనుమానం వచ్చింది. అన్న నా మీద అభిమానంతో మీటరు అంకెల్ని కాస్త అటూ ఇటూ జరిపి రాశాడేమోనని నాకు అనుమానం వచ్చింది. ఆఖరికి నా మీద నాకే వచ్చింది. పొరపాటున చుక్కల్నే గీతగా కలిపేశానేమోనని ఫైళ్లన్నీ మొదట్నుంచి వెతుక్కున్నాను. అంతకుముందు కలిసి తాగే టీని ముగ్గురం మూడు మూలల్లో తాగాం.

చివరికి సారే దారి చూపించారు. నేను అంతవరకూ ఎప్పుడూ పెట్టని స్పీడు ఒకటి ఆయనే చెప్పారు. ఆ స్పీడుకి ఎంత బలం పడుతుందో ముందుగా కంప్యూటర్లో లెక్కగట్టి బోర్డు మీద రాయాలి, ఆ తర్వాతే కడ్డీ కోయాలి. 640 న్యూటన్లు అని రాశాను. అన్నకు కనబడకుండా ఆ అంకె మీద సారు న్యూస్‌పేపర్ అంటించి, బోర్డుకు కాపలాగా నిలబడ్డారు. అన్న మొహం మాడ్చుకుని లేత్ తిప్పాడు. సారే వంగి మీటరు చదివారు. 705. పేపర్ పీకారు.

ఫ్యాక్టరీ గేటు మూసుకున్నట్టే అనిపించింది. అన్నకు జాలేసింది కాబోలు, "పాపా, ఇంగోసారి కోస్తా, ఈ తూరి సరిపోతాదేమో సూద్దాం" అన్నాడు.

"అందుకే నిన్ను అనుమానించేది!" అని సారు అన్న మీద ఒక అరుపు అరిచి, నా వైపు తిరిగారు. ఆ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. "తప్పిండాది మ్మా! దగ్గరికొచ్చి, సరిగ్గా తప్పాల్సినంత తప్పిండాది! చుక్కలు సూసి గీసింటే ఇది యాడికో పోయిండేది, మీరిద్దరూ కూడబలుక్కోనింటే అచ్చంగా కలిసిండేది. ఇప్పుడు నమ్మినా!" అంటూ థీసిస్ తెప్పించి లేత్ మీదే పెట్టి సంతకం చేశారు. ఆ పేజీకి గ్రీజు మరక అంటుకుంది. తప్పినందుకు పాసైన మనిషిని నా ఎరుకలో నేనొక్కదాన్నే.

ఇప్పుడు నేను అదే ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఇంజనీరు పిల్లల చేత ఇవే లెక్కలు చేయిస్తున్నాను. ఎవరైనా చక్కగా కలిసిన గీత తెస్తే అభినందించాలనే నోరు తెరుస్తాను, బయటికి మాత్రం "ఏదీ తప్పలేదా?" అని వస్తుంది. నా వెనక నాకేం పేరు పెట్టారో అడగడానికి ధైర్యం చాలదు.

మొన్న మామిడి సీజన్లో, రిటైరై చిత్తూరులో ఉంటున్న సారుని చూడటానికి పోయాను. వచ్చేటప్పుడు ఒక గంప బేనీషా మామిడిపళ్లు ఇచ్చారు. పైన చిన్నవి, మచ్చలున్నవి. గుమ్మంలో నిలబడి, ఆయన ఎదుటే, నాకు తెలియకుండానే చెయ్యి గంప అడుగుదాకా పోనిచ్చాను. చేతికి తగిలింది బయటికి తీస్తే ఇంత లావు కాయ, బంగారు రంగు, మచ్చ లేదు.

"ఇదేంది సార్, మంచివన్నీ అడుగున పెట్టినారు?" అన్నాను అనుమానంగా.

"నువ్వు యాడ చెయ్యి పెడతావో నాకు తెలీదా మ్మా?" అన్నారు.

బస్సు చంద్రగిరి దాటేదాకా ఒడిలో గంప పెట్టుకుని నవ్వుకుంటూనే ఉన్నాను. దాటాక, ఎందుకైనా మంచిదని, మధ్య వరుసలోంచి కూడా ఒకటి తీసి చూశాను.