గుట్టల సందుకు ఖాళీ నెత్తితో

మా ఊరికి పైన, రెండు గుట్టల నడుమ ఒక సందు ఉంది. పాలంపేట దిక్కు పోతే వస్తుంది. పెళ్ళయిన నాటి నుంచి మా ఆయన పోయేదాకా ఆ సందు దాటి అడవికి పోయి కట్టెలు తెచ్చేదాన్ని. ఎన్నిసార్లు దాటానో చెప్పలేను. కానీ అక్కడినుంచి ఏం కనబడుతుందో అడిగితే అదీ చెప్పలేను. పోయేటప్పుడు చీకటి, వచ్చేటప్పుడు మోపు. నెత్తిన మోపున్న మనిషికి కనబడేవి తన కాళ్ళే. మా ఆయన కింద ఒక బండ దగ్గర నిలబడి మోపు దించేవాడు. "నువ్వు సందుల కనబడంగనే చెయ్యి ఊపుతా. ఒక్కనాడన్న సూడవేందే!" అని కొట్లాడేవాడు.

ఆయన పోయాక హనుమకొండ వచ్చి, సుబేదారిలో ఒక హాస్టల్లో వంట చేస్తున్నాను. అక్కడే పది మంది ఆడవాళ్ళం వారం వారం కూడే సంఘం ఉంది. ఒకరోజు మా లీడరమ్మ ఫోన్ అందరికీ తిప్పి చూపించింది. అందులో చెరువు, వరి పొలాలు, వాటి మీద మబ్బు, ఆ మబ్బు మీద ఎవరో పెట్టిన పాట.

"వ్యూ పాయింటట. అందరు పోతాన్లు. మనం గూడ ఒక్కరోజు నడిచి ఎక్కొద్దామా?"

"అది మా ఊరి సందు గద బిడ్డా!" అన్నాను.

"సందు గాదు పెద్దమ్మా, వ్యూ పాయింట్," అని దిద్దింది. ఇన్నేళ్ళూ నేను వ్యూ పాయింట్లోనే కట్టెలు మోశానని ఆరోజే తెలిసింది.

ప్లాను మూడు వారాలు నడిచింది. మొదటి వారమంతా తిండి మీదే పోయింది. పులిహోర అని కొందరు, సర్వపిండి అని కొందరు, రెండు పార్టీలయ్యారు. చివరికి రెండూ అన్నారు. రెండో వారం రోజు కుదరలేదు. ఒక ఆదివారం అమావాస్య, ఇంకో ఆదివారం ఒకామె మరిదికి పెళ్ళిచూపులు. మూడో వారం గానీ అసలు ముచ్చట రాలేదు. గుట్ట మీద దారి ఎవరికి తెలుసు? అందరూ నా వైపు చూశారు. చూసి, వెంటనే ఇంకో దిక్కు చూశారు.

మొగుడు పోయినదాన్ని కదా. బయలుదేరేవాళ్ళకు ఎదురు రాకూడదు, ముందు నడవకూడదు.

"ఏమనుకోకు పెద్దమ్మా," అంది లీడరమ్మ. "నాకైతే గసొంటి పట్టింపుల్లేవు. మా అత్తమ్మకే. నువ్వు జర పొద్దుగాలనే వచ్చి, అందరికన్న ముందే కిరాయి బండి ఎక్కి ఎనక సీట్ల కూసో. ఇగ ఎవ్వలకు ఎదురైనట్టుండదు. గుట్ట కాడ గూడ ఎనకనే నడువు. తొవ్వ ఎనక నుంచి చెప్పు."

"అత్తమ్మ గుట్టకు వస్తాందా బిడ్డా?"

"ఆ మోకాళ్ళతోని ఏడికొస్తది!"

అత్తమ్మ రాదు, ఆమె పట్టింపు మాత్రం బండిలో వస్తుందన్నమాట.

"ఎనకొచ్చేటోళ్ళే పులిహోర గంజు పట్టుకోవాలె," అని లీడరమ్మే తేల్చింది. "పెద్దమ్మకు అలవాటే గద." గంజంటే పది మంది తిండి పట్టే పెద్ద గిన్నె. అదంతా సంఘం బుక్కులో రాశారు. నేను సంతకం పెట్టాను. నాకొచ్చిన చదువు అదొక్కటే.

నాకున్న కోరిక కూడా ఒక్కటే. నెత్తి మీద ఏమీ లేకుండా ఆ సందులో నిలబడి, తలెత్తి ఆ బండ దిక్కు చూడాలి. బుక్కులో మళ్ళీ నా నెత్తికే మోపు రాశారు. వద్దంటే నన్నే వద్దంటారేమోనని నోరు మూసుకున్నాను.

కుదిరిన ఆదివారం నేను అందరికంటే ముందు బండి ఎక్కి కూర్చున్నాను. లీడరమ్మ ఆడబిడ్డ నీళ్ళ బిందెతో ఎదురొచ్చింది. ఆ శుభం అంతా వెనక అద్దంలోనుంచి చూశాను.

గుట్ట దగ్గర వరుస కట్టాం. ముందు లీడరమ్మ, ఆమె చేతిలో ఫోన్. చివర నేను, నా నెత్తిన గంజు. కొంత ఎక్కాక దారి రెండుగా చీలింది.

"కుడి చేతికి తిరుగున్లి! అటు మేకల తొవ్వ!" అని అరిచాను.

"ఫోన్ల ఎడమకే చూపెడ్తాంది పెద్దమ్మా!"

ఫోన్‌కు మొగుడున్నాడు కాబోలు, దాని మాటే నెగ్గింది.

మేకల తొవ్వ పోయి పోయి ఒక పెద్ద బండకు కొట్టుకుని ఆగింది. రెండు పక్కలా కంప. ఒకరిని దాటి ఒకరు పోయే సందు లేదు. అందరూ ఉన్నచోటే వెనక్కి తిరిగారు. తిరిగితే ఎదురుగా నేను!

ఎవరూ కదల్లేదు.

"ఇగ నడువు పెద్దమ్మా," అంది లీడరమ్మ చివరనుంచి, మెల్లగా.

"నేనెట్ల ముందు నడుస్త బిడ్డా? బుక్కుల ఎనక అని రాసిన్లు గద. మీ అత్తమ్మ ఏమంటదో."

"అత్తమ్మ ఇంట్ల ఉంది, గుట్ట మీద లేదు!"

"నడువ్ అక్కా, నా చీర కంపకు పట్టుకుంది!" అని నడుమనుంచి ఒకామె మొత్తుకుంది.

"నడుస్త. కని ముందు నడిచేటోళ్ళకు తొవ్వ కనబడాలె," అని గంజు దించి, పక్కన రాయి మీద పెట్టి, కుడి చేతి దారికి నడిచాను.

వెనక్కి చూడలేదు గానీ చప్పుడు వింటూనే ఉన్నాను. ఒక్కొక్కరూ గంజుకు కొంగు తగలకుండా దాటి వచ్చారు. అందరికంటే చివర ఎవరుంటారు? లీడరమ్మే. వెనకొచ్చేవాళ్ళే గంజు పట్టుకోవాలన్నదీ ఆమే.

సందులోకి వచ్చి నిలబడ్డాను. నెత్తి ఎంత తేలికగా ఉందంటే, ఏదో మరిచిపోయి వచ్చినట్టు రెండుసార్లు తడుముకున్నాను. చెరువు నిజంగానే ఫోన్లో ఉన్నట్టే ఉంది. నేను దాన్ని ఎక్కువసేపు చూడలేదు. కింద ఆయన మోపు దించే బండ కనబడింది. అరచేతిలో పట్టేంత. ఇంత దూరం నుంచి ఆయన చెయ్యి ఊపేవాడా, నేను చూడనని తెలిసీ!

నేనూ చెయ్యి ఊపాను.

అప్పుడే లీడరమ్మ రొప్పుకుంటూ వచ్చింది. నెత్తిన గంజు, రెండు చేతులూ గంజుకే, చూపు నేల మీద.

"పెద్దమ్మా, వ్యూ పాయింట్ వచ్చిందా?"

"వచ్చింది బిడ్డా. నీ కాళ్ళ కిందనే ఉంది," అని, పోయి గంజు దించాను.