వేస్ట్ గుడ్డ మూట

నాచారం పోస్టింగులో దిగింది జూన్ చివర్లో, ఉదయం ఐదున్నరకి. ముసురు. ఒక గేటు, రెండు షెడ్లు, ఇత్తడి రేకులు కోసే పన్నెండు ప్రెస్ మిషన్లు. నా కిట్: లాఠీ, వాకీటాకీ, రెండు బ్యాడ్జీలు. ఒకటి సెక్యూరిటీ ఆఫీసర్‌ది, రెండోది సేఫ్టీ ఆఫీసర్‌ది. పద్దెనిమిదేళ్లు సరిహద్దులో చేసినవాణ్ణి, ఈ రేకుల షెడ్డు నన్నేం చేస్తుందిలే అనుకున్నాను.

మూడో వారానికి ఇద్దరు గార్డులు మానేశారు. వాళ్ల డ్యూటీ కూడా నా నెత్తినే పడింది. రోజుకి పదహారు గంటలు. ఉప్పల్‌లో ఇంటికెళ్లి బూట్లు విప్పకుండానే పడిపోయేవాణ్ణి. పొద్దున సేఫ్టీ క్లాసులో "మీ ప్రాణం ముఖ్యం" అని చెప్పాలి. షిఫ్టు దిగేటప్పుడు ఆ మనుషుల జేబులే తడమాలి. ఏం బతుకండీ అది! కోపం ముక్కు మీదే ఉండేది. ఒకరోజు అన్నం పళ్లెం గోడకేసి కొట్టాను.

అప్పుడే ఇత్తడి ముక్కలు పోవడం మొదలైంది. నూనె తుడిచే వేస్ట్ గుడ్డలో చుట్టి, పొట్టకు అదుముకుని గేటు దాటించేవాళ్లు. మేనేజర్ వాకీటాకీలో అరిచాడు.

"ఇంకొక్క ముక్క బయటికి పోయిందంటే నీ పని ఖతం. సమజైందా?"

"అయింది సార్."

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట నలభై. నాలుగో నంబర్ ప్రెస్ ఆపరేటర్ షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చాడు. పొట్టకు అదుముకుని నల్లటి వేస్ట్ గుడ్డ మూట.

"మిషన్ ఇడిసిపెట్టి ఎవడో ఉరికిండు, ఆపు వాణ్ణి!" వాకీటాకీలో మేనేజర్.

"ఆగరా!" అన్నాను.

"సార్, జర పోనియ్యుండ్రి... దవాఖానకు..."

కొట్టాను. మొదటి దెబ్బ భుజం మీద. రెండోది, మూడోది మూట మీద. నా చేతులు పడిపోను, ఎముక చప్పుడు వినబడింది. అయినా ఆగలేదు. బురదలో పడ్డవాడి మూటను బూటుతో తొక్కిపట్టాను. గుడ్డలోంచి రక్తం కారింది.

"నువ్వే జెప్పినవు గద సార్ క్లాసుల," అన్నాడు ఏడుస్తూ. "ఏలు తెగితే గుడ్డల సుట్టి పట్కరమ్మని, డాక్టర్లు అతికిస్తరని."

ఆటోలో నేనే తీసుకెళ్లాను. డాక్టర్ చూసి తల అడ్డంగా ఊపాడు. "తెగినంతవరకే అయితే అతికించేవాళ్లం. ఈ వేళ్లు నలిగిపోయాయి."

మర్నాడే పని మానేసి ఉప్పల్ ఇంట్లో కూర్చున్నాను. అలసిపోయి చేశావులే అంటారు మీరు. అలసిపోయాను, నిజమే. కొట్టింది మాత్రం నేనే.

ఆ రోజు ఆసుపత్రికి పోతూ ఆటోలో గుడ్డ విప్పి పట్టుకున్నాను. నా అరచేతిలో అతని చిటికెన వేలు. గోటికి గోరింటాకు, ఎర్రగా పండింది.

"ఆషాఢమని మా బిడ్డ వెట్టింది సార్," అన్నాడు. "జర పైలం."