కింది పోర్షన్‌లో మోగిన కాల్

ఇది కల్పించి చెప్తున్నది కాదు. నాకే జరిగింది. తిరుపతిలో, కిటికీ తీస్తే కొండ కనిపించే ఇంట్లో ఉంటూ, ఇలాంటి విషయంలో అబద్ధం ఆడేంత గుండె నాకు లేదు. చిన్న చిన్న అబద్ధాలు ఆడాను... అవి కూడా దాచకుండా చెప్తాను. మధ్యలో నవ్వొద్దు. ఆ లైటు మాత్రం ఉండనివ్వండి.

నాది పై పోర్షన్. ఒక్కదాన్నే ఉంటాను. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం, రాత్రి తొమ్మిదికి మీటింగ్. కింద మునిరత్నం పెదనాయన ఉంటారు. చుట్టం కాదు, పిలుపు అలా అలవాటైంది. తిరుచానూరు గుడి దగ్గర పూలకొట్టు ఆయనది. భార్య సుబ్బమ్మకు కిడ్నీలు పాడై, గూడూరులో కూతురి దగ్గర ఉండి వైద్యం చేయించుకుంటోంది. ఆయనకేమో చెవుడు. మామూలు ఫోన్‌లో ఒక్క ముక్క వినపడదు. అదే వీడియో కాల్ అయితే ఆమె పెదాలు చూసి మాట పట్టేస్తారు. అందుకని రోజూ తొమ్మిదికి ఆమె వీడియో కాల్ చేసేది. తిన్నావా, మాత్ర వేసుకున్నావా... అంతే వాళ్ళ మాటలు.

ఇంటి ఓనరు రెండు పోర్షన్లకీ కలిపి ఒకే వైఫై పెట్టించాడు. రౌటర్ డబ్బా నా హాల్లో ఉంది. దాని పెత్తనం అంతా నాదే.

ఆయన కాల్ తొమ్మిదికి, నా మీటింగూ తొమ్మిదికే. ఆ వైఫై రెండింటికీ చాలదు. నా మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని మా మేనేజర్ అందరి ముందూ కడిగేశాడు. ఇంకోసారి ఇలాగైతే వేరేవాళ్ళని చూసుకుంటాం అన్నాడు. ఆ రాత్రే రౌటర్ సెట్టింగ్స్ తెరిచాను. వైఫైకి ఏయే ఫోన్లు కలిసి ఉన్నాయో అందులో పేర్లతో సహా కనిపిస్తాయి. 'నాయన ఫోన్' అని ఒకటి ఉంది. కూతురు పెట్టిన పేరు. ఆ ఫోన్‌కి వైఫై అందకుండా దాన్ని బ్లాక్ లిస్టులో వేసేశాను. మీటింగ్ అవగానే తీసేద్దామనే అనుకున్నాను. మొదటి రోజు తీశాను కూడా... తర్వాత బద్ధకం. వారమంతా అలాగే వదిలేశాను.

ఆయన ఫోన్ పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"పాపా, నెట్టు రాలా. ఏమయిందో ఓసారి సూడు."

తీసుకున్నాను. ఆపి, మళ్ళీ వేసి, ఏదో నొక్కినట్టు నటించాను. "యాడనో వైరు తెగిందంట పెదనాయనా. బాగు చేస్తా ఉండారు" అన్నాను. ఆయనకి అందలేదు. నా మూతి వైపే చూస్తూ నిలబడ్డారు. చెవుడున్న మనిషికి అబద్ధం చెప్పడం ఎంత కష్టమో మీకు తెలియదు. గబుక్కున అనేసి తప్పించుకోవడానికి లేదు. ముఖంలో ముఖం పెట్టి, నిదానంగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాలి. అలాగే చెప్పాను.

"అట్లనా. పోనీలే పాపా, నీ పని సూసుకో. నేనే తొందరపడతా ఉండా" అంటూ దిగిపోయారు.

కింద ఇంట్లో సెల్ సిగ్నల్ అందదు, ఆయన ఫోన్‌లో డేటా ప్యాకూ లేదు. ఆ రాత్రి బాల్కనీలోంచి చూస్తే, ఆయన సందు చివర లైటు కింద నిలబడి ఫోన్‌ని పైకెత్తి అటూ ఇటూ తిప్పుతున్నారు. చూశాను. చూసి, లోపలికి వచ్చి మీటింగ్‌లో కూర్చున్నాను. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

తర్వాత ఓ పొద్దున కింద తాళం కనిపించింది. సాయంత్రం ఓనరమ్మ చెప్పింది.

"సుబ్బమ్మ పోయిందంట. కబురొస్తే ముసిలాయన తెల్లారకముందే గూడూరికి పోయినాడు. ఈ వారమంతా మొగుడి మొగం సూడల్ల అని ఒకటే అడగతా ఉన్నిందంట పాపం. ఫోను కలవనే లేదంట."

ఆమె నన్నేమీ అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "మన వైఫై బాగానే ఉండాదే" అన్నాను నేనే.

ఆ రాత్రే...

తొమ్మిదికి కాస్త ముందు ల్యాప్‌టాప్ తెరిచాను. వైఫై లేదు. ఆపి వేశాను. రాలేదు. నెట్‌వర్క్ పేరు తీసేసి మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టాను. రాలేదు. ల్యాప్‌టాప్‌ని రీస్టార్ట్ చేశాను. ఊహూఁ. నా ఫోన్‌లో మాత్రం అదే వైఫై బ్రహ్మాండంగా వస్తోంది. అంటే రౌటర్ బాగానే ఉంది, తేడా ల్యాప్‌టాప్‌లోనే. వైఫై డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ వేశాను. అయినా అంతే. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు... అది తప్ప ఇంకేం లేదు.

చివరికి ఫోన్‌లోంచే రౌటర్ సెట్టింగ్స్ తెరిచాను. బ్లాక్ లిస్టులో ఒకే ఒక్క పేరు ఉంది. నా ల్యాప్‌టాప్‌ది. నేను వేయలేదు... ఒట్టు, నేను వేయలేదు. వైఫైకి కలిసి ఉన్నవి రెండు. ఒకటి నా ఫోన్. రెండోది... 'నాయన ఫోన్'.

అప్పుడే కింద మోగింది. వీడియో కాల్ రింగు.

కంగారులో ఫోన్ ఇంట్లో మరిచిపోయి వెళ్ళారేమో అనుకున్నాను. ఆ లిస్టు కూడా నేనే తొందరలో తారుమారు చేశానేమో. అలా సర్దిచెప్పుకుంటూనే మెట్లు దిగాను. ఎందుకు దిగావని అడక్కండి. తలుపుకి తాళం అలాగే వేలాడుతోంది. కిటికీలో చీకటి. లోపల రింగు... మళ్ళీ రింగు... ఆగింది. మోగి మోగి ఆగినట్టు లేదు. ఎవరో ఎత్తినట్టు ఆగింది.

"కన... పడతా... ఉండానా?"

ఆడగొంతు. బాగా నీరసంగా ఉంది. చెవుడున్న మనిషితో మాట్లాడినట్టు, ఒక్కో ముక్కా విడదీసి... నిదానంగా.

తలుపు మీద పెట్టిన చెయ్యి తీయలేకపోయాను. లోపల ఎవరైనా జవాబు చెప్తారేమోనని నేనూ ఎదురుచూశాను.

"పలకవేం?... తిన్నావా?... మళ్ళా పోయిందా నెట్టు?"

ఇంక నావల్ల కాలేదు. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. హాల్లోకి ఉరికి వైఫై డబ్బా ప్లగ్గు పీకేశాను. కింద గొంతు ఠక్కున ఆగిపోయింది. మాట మధ్యలోనే... ప్లగ్గు చేతిలో పట్టుకుని నిలబడ్డాక గానీ నేనేం చేశానో నా బుర్రకెక్కలేదు. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

కర్మలన్నీ అయ్యాక పెదనాయన తిరిగొచ్చారు. ఫోన్ ఇంట్లో మరిచిపోయారా అని అడిగాను. చొక్కా జేబు తట్టి చూపించారు.

"లేదు పాపా, నా దగ్గిరే ఉన్నింది. ఆమె పోయిన పొద్దు రాత్రి తొమ్మిదికి జేబులో అదిరింది. తీసి సూస్తే ఆమె పేరు. ఆమె ఫోనేమో ఆపేసి బీరువాలో పెట్టినారు. నేను ఎత్తినా. తెరంతా నలుపు. ఏమన్నా కనపడతాదేమో అని కండ్లు పెట్టుకోని సూస్తానే ఉండా... అంతలో తెగిపాయ."

నా తప్పే నా చెవుల్లో అలా మోగిందేమో అని ఇప్పటికీ అనుకుంటాను. మరి ఆయన జేబులో అదిరిందేమిటి? నాకు తెలియదు. ఆ లిస్టు ఖాళీ చేసేశాను. డబ్బా రాత్రీ పగలూ ఆపను. మీటింగ్ వేళకి డాబా ఎక్కి, ఫోన్ డేటాతో కూర్చుంటున్నాను. కింద ఆయన తొమ్మిది కాగానే ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నారు, మళ్ళీ చేస్తుందని.

మొన్న మెట్లెక్కి వచ్చారు.

"పాపా, ఆ పొద్దు ఎందుకు తెగిపోయింటాది? నీకయితే తెలుస్తాది ఇవన్నీ."

"సూసి చెప్తా పెదనాయనా" అన్నాను. ఇంకా చెప్పలేదు.